దయకు మార్కులు వద్దు, తరగతిని కొలవండి: రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖల ఉన్నతాధికారులకు, రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల సంచాలకులకు

ఆర్యా,

జాతీయ విద్యావిధానం 2020 ప్రతిపాదించిన సమగ్ర ప్రగతి పత్రం గురించి మీకు నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. పిల్లల చదువుతో పాటు వారి మనోభావాలను, నడవడికను కూడా నమోదు చేయాలని, ఉపాధ్యాయుల అంచనాకు తోడు విద్యార్థి తన గురించి తాను వేసుకునే అంచనా, తోటి విద్యార్థులు వేసే అంచనా కూడా అందులో ఉండాలని ఆ విధానం చెబుతోంది. సహకారం, సానుభూతి వంటివి ఆ పత్రంలో గడులుగా మారుతున్నాయి. హైస్కూలు పిల్లల స్నేహాలూ అలకలూ చాలావరకు ఫోన్లలోనే నడుస్తున్న కాలం కాబట్టి ఆన్‌లైన్ నడవడిక కూడా నేడో రేపో ఒక గడిగా వచ్చి చేరుతుందని నా అంచనా. ఆ గడి గీయకముందే ఒక మాట విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

కౌమార వయసు పిల్లలు ఆన్‌లైన్‌లో ఒకరిపట్ల ఒకరు చూపే దయను, చేసుకునే సాయాన్ని కొలవడం సాధ్యమే. కొలవవలసిన అవసరమూ ఉంది. అయితే కొలవవలసింది తరగతిని గాని ఒక్కొక్క పిల్లవాణ్ణి కాదు. ప్రశ్న అడగవలసింది సాయం చేశానని చెప్పుకునేవారిని కాదు, సాయం అందుకున్నవారిని. ఈ రెండు నియమాలూ లేకపోతే మనం కొలిచేది దయ కాకుండా పోతుందని, పైగా ఉన్న దయ కూడా ఆ కొలత వల్ల కొంత తగ్గుతుందని నా అభ్యంతరం.

అసలు ఎందుకు కొలవాలన్నది ముందు చెప్పాలి. గ్రామీణ పిల్లల చదువుపై ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే 2024 నివేదిక 2025 జనవరిలో విడుదలైంది. దాని ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారే. వారిలో అంతకు ముందు వారం రోజుల్లో దాన్ని చదువు పనికి వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. ఇంతమంది గడిపే ఆ చోటు గురించి బడిలో మనం మాట్లాడేదంతా ప్రమాదాల గురించే. వేధింపులు, మోసాలు, మార్ఫింగ్ ఫోటోలు, ఫిర్యాదు చేయవలసిన నంబర్లు. ఇవన్నీ చెప్పవలసినవే, కాదనను. కాని చెడును మాత్రమే లెక్కపెట్టినంతకాలం, ఫిర్యాదులు లేని రెండు తరగతులు మన కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఆ రెంటిలో ఒకదానిలో పిల్లలు ఒకరికొకరు ఆసరాగా ఉంటూ ఉండవచ్చు, రెండోదానిలో ఎవరికి ఎవరూ పట్టకుండా ఉండవచ్చు. మొదటి తరగతిలో ఏం జరుగుతోందో తెలిస్తేనే కదా, రెండో తరగతికి ఏం కావాలో మనకు తెలిసేది.

ఆ జరిగేది ఎలాంటిదో కాస్త దగ్గరగా చూపించనివ్వండి. తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపు ఒకటి తీసుకుందాం. జ్వరంతో బడికి రాని పిల్లకు ఎవరో భౌతికశాస్త్రం నోట్సు ఫోటోలు తీసి పంపుతారు. పేజీ వంకరగా ఉంటుంది, పక్కన చాప అంచు కనిపిస్తుంటుంది, మూడో పేజీ రెండుసార్లు వస్తుంది, ఐదో పేజీ రాదు, అడిగితే రాత్రి పదింటికి అదీ వస్తుంది. ఇంకో రోజు ఎవరో ఒక సహాధ్యాయి ఫోటోకు గాడిద చెవులు తగిలించి గ్రూపులో పెడతారు. సగం తరగతి నవ్వే బొమ్మలు పెడుతుంది. ఒక పిల్లవాడు మాత్రం ఆ ఫోటో పెట్టినవాడికి విడిగా 'తీసెయ్ రా, వాళ్ల అక్క కూడా వాడి ఫోన్ చూస్తుంది' అని పంపుతాడు. కాసేపటికి ఫోటో పోతుంది. గ్రూపులో మిగిలే ఆనవాలల్లా సందేశాన్ని తొలగించారన్న ఒక్క బూడిదరంగు ముక్క. ఇంకెవరో ఆ ఫోటోను వేరే గ్రూపుకు పంపబోయి ఊరుకుంటారు. ఊరుకున్నందుకు ఆనవాలే ఉండదు. అదే వారం, ఆ తరగతిలోనే చదువుతూ అందరికీ ఇష్టుడైన క్రికెట్ ఆటగాడి పుట్టినరోజుకు గ్రూపు నిండా హెచ్‌బీడీలు కురుస్తాయి, వెనక బెంచీ అమ్మాయి పుట్టినరోజుకు రెండో మూడో వస్తాయి. సందేశాలను లెక్కపెట్టే యంత్రం ఏదైనా ఈ తరగతిలో దయ ఎక్కడుందో వెతికితే క్రికెట్ ఆటగాడి పుట్టినరోజు దగ్గర ఆగిపోతుంది. అసలు మేలు జరిగిన చోట దానికి దొరికేది ఒక వంకర ఫోటో, ఒక తొలగించిన సందేశం.

ఈ వయసు పిల్లల మంచితనాన్ని కొలవడానికి పరిశోధకులు ఇప్పటికే సాధనాలు తయారుచేశారు. మనం సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. బ్రిటన్‌కు చెందిన పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన 25 అంశాల ప్రశ్నావళిని ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. అందులో ఐదు అంశాలు ఇతరుల మనసు ఎరిగి మసలడం, ఉన్నది పంచుకోవడం, దెబ్బ తగిలినవారికి సాయపడటం, చిన్నపిల్లలతో దయగా ఉండటం, అడగకుండానే ముందుకు రావడం గురించి. ఒక్కొక్కదానికి నిజం కాదు, కొంతవరకు నిజం, కచ్చితంగా నిజం అన్న మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. 2002లో అమెరికాలో గుస్తావో కార్లో, బ్రాండీ రాండాల్ సాయాన్ని ఆరు తీరులుగా విడదీశారు: నలుగురి ముందు చేసేది, పేరు తెలియకుండా చేసేది, ఆపద ముంచుకొచ్చినప్పుడు చేసేది, ఎదుటివారి బాధ చూసి కరిగి చేసేది, అడిగితే చేసేది, ఏమీ ఆశించకుండా చేసేది. నలుగురి ముందు చేసే సాయాన్ని, గుప్తదానం లాంటి సాయాన్ని ఒకే ఖాతాలో వేయకూడదని వీరు గుర్తించడం నాకు చాలా విలువైన సంగతిగా తోస్తుంది, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ఈ రెంటి మధ్య దూరం బయటి లోకంలో కన్నా ఎక్కువ.

ప్రత్యేకించి ఆన్‌లైన్ నడవడిక కోసమే తయారైన సాధనం 2018లో బెల్జియం నుంచి వచ్చింది. ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా ఎరైగర్స్, ఆమె సహ పరిశోధకులు కౌమార వయసు పిల్లల కోసం ఒక ప్రశ్నావళి ప్రచురించారు. ఆన్‌లైన్‌లో ఇతరులకు మంచి మాట చెప్పడం, సాయానికి ముందుకు రావడం, దిగులుగా ఉన్నవారిని ఉత్సాహపరచడం వంటివి అందులో ఉంటాయి. దాని నిర్మాణంలో మనకు పనికొచ్చే విశేషం ఒకటుంది. అందులో సగం ప్రశ్నలు నువ్వు ఇవి ఎంత తరచుగా చేశావని అడుగుతాయి, మిగతా సగం నీకు ఇతరులు ఎంత తరచుగా చేశారని అడుగుతాయి. నా విన్నపం ఈ రెండో సగం మీద ఆధారపడి ఉంది.

చేసినవారిని అడిగితే ఏమవుతుందో పాఠం చెప్పే ఎవరికైనా తెలుసు. 'నువ్వు తోటివారికి సాయం చేస్తావా' అన్న ప్రశ్నకు కాదని రాసే పద్నాలుగేళ్ల పిల్లలు అరుదు. పైన రోల్ నంబరు, ఎదురుగా క్లాసు టీచరు ఉన్నప్పుడైతే అసలు కనిపించరు. తమను మంచివారిగా చూపించుకోవాలన్న కోరిక మనుషులందరిలోనూ ఉంటుంది గనకే దాన్ని కూడా కొలవడానికి క్రౌన్, మార్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960లోనే ఒక కొలమానం తయారుచేయవలసి వచ్చింది. దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు కూడా ఉంది, దాన్ని తక్కువమంది గమనిస్తారు. అందరూ ఆసరాగా ఉండే తరగతిలో చదివే పిల్ల తన చుట్టూ ఉన్నవారితో పోల్చుకుని తనకు తాను తక్కువ వేసుకుంటుంది. ఎవరూ పట్టించుకోని తరగతిలోని పిల్లవాడు ఒకసారి హోంవర్కు పంపితే తానే పెద్ద దాతనని రాసుకుంటాడు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2019లో పది నగరాలు, ప్రాంతాల్లో నిర్వహించిన సామాజిక, భావోద్వేగ నైపుణ్యాల సర్వేలో 15 ఏళ్ల పిల్లలు చాలా నైపుణ్యాల్లో 10 ఏళ్ల పిల్లల కన్నా తమకు తాము తక్కువ వేసుకున్నారు. ఐదేళ్లు పెద్దవారయ్యేసరికి పిల్లల గుణం తగ్గిపోతుందని అనుకోవడం కన్నా, తమను తాము కఠినంగా చూసుకునే వయసుకు వస్తారని అనుకోవడానికే నాకు ఎక్కువ ఆస్కారం కనిపిస్తుంది. (అదే సర్వే 2023 విడతలో మన దేశం నుంచి ఢిల్లీ పాల్గొంది.)

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఫోన్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న. అసర్ 2024 లోనే, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36.2 శాతం, అమ్మాయిలు 26.9 శాతం. నాన్న పని నుంచి వచ్చాక అరగంట ఫోన్ దొరికే అమ్మాయి ఆ అరగంటలో తన హోంవర్కు చూసుకుంటుందా, దిగులుగా ఉన్న స్నేహితురాలికి నాలుగు వాక్యాలు రాస్తుందా? రాసినా, ఆ ఫోన్‌ను తర్వాత ఎవరు తెరుస్తారో ఆమెకు తెలుసు. చేసిన సాయాన్ని అడిగే ప్రశ్నావళిలో ఈ అమ్మాయికి తక్కువ అంకె వస్తుంది, ఆ అంకె ఆమె గుణంగా ప్రగతి పత్రంలోకి ఎక్కుతుంది. అందుకున్న సాయాన్ని అడిగితే కూడా ఆమె జవాబు తక్కువగానే ఉంటుంది, నిజమే. కాని అప్పుడు ఆ తక్కువ ఆమె లోటు కాదు, ఆమెను చేరుకోలేకపోయిన తరగతి లోటు అవుతుంది. వివరం ఒకటే అయినా మొదటి లెక్క పేద పిల్లను దోషిని చేస్తుంది, రెండో లెక్క ఆ తరగతి ఉపాధ్యాయులకు పని చెబుతుంది.

ఇక మార్కుల సంగతి. నిరంతర సమగ్ర మూల్యాంకనం కింద విలువలకు, జీవన నైపుణ్యాలకు గ్రేడ్లు వేసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. చాలా బడుల్లో ఆ నిలువు వరుస పైనుంచి కిందిదాకా ఒకే గ్రేడుతో నిండేది, అందులో ఉపాధ్యాయుల తప్పు కన్నా అడిగిన పద్ధతి తప్పే ఎక్కువ. 2014-15 నుంచి పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 అంతర్గత మూల్యాంకనానికి కేటాయించినప్పుడు ఏం జరిగిందో కూడా తెలిసిందే. ప్రైవేటు పాఠశాలల్లో దాదాపు అందరికీ పూర్తి మార్కులు పడుతున్నాయన్న విమర్శల నడుమ ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ 20 మార్కుల విధానాన్ని తీసేసింది. ఒక అంకె మీద నిర్ణయాలు ఆధారపడేకొద్దీ ఆ అంకె చెడిపోతుందని, తాను కొలవవలసిన పనిని కూడా చెడగొడుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే హెచ్చరించారు. గణితం, సైన్సులో ప్రాజెక్టు నివేదికలు, స్లిప్ టెస్టుల వంటి కాగితాలు ఉండి కూడా ఆ 20 మార్కులను కాపాడుకోలేకపోయాం. కాగితమే లేని దయకు మార్కులు వేసి కాపాడుకోగలమా?

దయ విషయంలో నష్టం అక్కడితో ఆగదు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి ముందుగానే బహుమతి పత్రం ఇస్తామని చెప్పి వేయించారు. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు, మిగతా పిల్లలతో పోలిస్తే వీరు బొమ్మల జోలికి వెళ్లడం బాగా తగ్గిపోయింది. 2008లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో జర్మనీలో 20 నెలల పసివారితో చేసిన ప్రయోగంలోనూ, సాయం చేసినందుకు వస్తువు బహుమతిగా అందుకున్న పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు. రెండేళ్లయినా నిండనివారే ఇలా మారితే, ఫార్మేటివ్ మార్కుల కోసం అర్ధరాత్రి దాకా మేలుకునే పదో తరగతివారు ఎలా మారతారో ఊహించడం కష్టం కాదు. స్నేహితురాలిని ఓదార్చిన సందేశానికి స్క్రీన్‌షాట్ తీసి ప్రాజెక్టు ఫైల్లో అంటించే రోజు వస్తుందని నా భయం. ఓదార్చిన పిల్లకు మార్కు వస్తుంది, ఓదార్పు పొందిన పిల్ల కన్నీళ్లు తరగతి గోడమీదికెక్కుతాయి.

ఏదో ఒక యాప్‌తో పిల్లల సందేశాలను చదివించి మంచి చెడు లెక్కలు తీస్తామని ముందుకొచ్చే కంపెనీలు కూడా ఉంటాయి. ఆ దారి గురించి ఎక్కువ రాయను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగా లెక్కించి, 9వ సెక్షన్ కింద వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది, వారి నడవడికపై నిఘాను నిషేధిస్తుంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు విద్యాసంస్థలకు చదువు, భద్రత అవసరాల మేరకు కొంత మినహాయింపు ఇచ్చాయి. ఆ మినహాయింపును పిల్లల సొంత కబుర్లలోకి తొంగిచూడటానికి సాగదీయకూడదని నా మనవి. అదీగాక మన పిల్లలు ఒకరినొకరు ముద్దుగా తిట్టుకునే తిట్లు విన్న ఏ యంత్రమైనా ప్రాణస్నేహితులను పగవాళ్లుగానే తేలుస్తుంది.

మరి ఎలా కొలవాలి? ఊరి చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి ఇంటింటి బిందె తూచనక్కర్లేదు. 2024 డిసెంబరులో పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరిట 3, 6, 9 తరగతుల పిల్లల అభ్యసనాన్ని దేశమంతటా నమూనా పద్ధతిలో పరీక్షించారు. ఏ పిల్లవాడికి ఎంత వచ్చిందన్నది అందులో ఎవరికీ పట్టలేదు, జిల్లాల స్థితి తెలిసింది. ఆన్‌లైన్ తోడ్పాటునూ అలాగే నమూనా పాఠశాలల్లో 8, 9 తరగతులకు ఏడాదికి రెండుసార్లు, దసరా సెలవులకు ముందొకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, కాగితం మీద అడగవచ్చు. కాగితం మీద పేరు, రోల్ నంబరు, కులం, పుట్టినతేదీ ఏవీ ఉండకూడదు. ఆ పావుగంట సొంత బడి ఉపాధ్యాయులు గదిలో ఉండకూడదు, పక్క బడి ఉపాధ్యాయులు ఒకరు వచ్చి కాగితాలు పంచి, మూసిన పెట్టెలో వేయించుకుని వెళ్లాలి. పదిమంది కన్నా తక్కువ జవాబులున్న తరగతి లెక్క బయటికి ఇవ్వకూడదు, ఎందుకంటే ఆరుగురు అమ్మాయిలున్న సెక్షన్‌లో ఎవరు ఏం రాశారో పసిగట్టడం ఎంతసేపు.

ప్రశ్నలు తక్కువగా, గడిచిన నెలకు మాత్రమే పరిమితమై ఉండాలి. ఈ నెలలో నువ్వు బడికి రాని రోజు పాఠాలు నీకు ఎవరైనా అడగకుండా పంపారా? నిన్ను ఎగతాళి చేసినప్పుడు ఎవరైనా, గ్రూపులో గాని విడిగా గాని, నీ పక్షాన మాట్లాడారా? నువ్వు దిగులుగా ఉన్నావని గమనించి ఎవరైనా పలకరించారా? అవసరమైతే సాయం అడగడానికి ఈ తరగతిలో నీకు ఎంతమంది ఉన్నారు? మొదటి మూడింటికీ ఒక్కసారీ లేదు, ఒకటి రెండుసార్లు, అంతకన్నా ఎక్కువ, అలాంటి అవసరం రాలేదు అన్న నాలుగు జవాబులు చాలు. ఆ నాలుగో జవాబు తప్పనిసరి. అది లేకపోతే హాయిగా ఉన్న పిల్లలు, దిక్కులేని పిల్లలు ఒకే గడిలో పడతారు. ఫోన్ నీకు ఎప్పుడు దొరుకుతుందన్న ప్రశ్న కూడా ఒకటి ఉండాలి, దాన్ని పక్కన పెట్టుకునే మిగతా జవాబులు చదవాలి. పరీక్ష జవాబులు ఫోటో తీసి పంపడం పిల్లల దృష్టిలో గొప్ప సాయమే కాబట్టి, 'చదువులో సాయం' అని గుండుగుత్తగా అడిగితే కాపీలు కూడా దయ ఖాతాలో చేరతాయి. అందువల్ల ఏ ప్రశ్ననైనా అచ్చుకు పంపేముందు ఒక గిరిజన సంక్షేమ పాఠశాలలో, ఒక పట్టణ మున్సిపల్ పాఠశాలలో, ఒక కార్పొరేట్ పాఠశాలలో పిల్లల ముందు చదివించి, వారికి ఏం అర్థమైందో వారి నోటితోనే చెప్పించాలి.

అంకెలు వచ్చాక వాటిని ఏం చేస్తామన్నది కూడా ముందే రాసిపెట్టుకోవాలి. తరగతి లెక్క ఆ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు చేరాలి. జిల్లాల లెక్క మీకు చేరాలి. పాఠశాలలకు ర్యాంకులు ఇవ్వకూడదు, మండల సమావేశంలో చదివి వినిపించకూడదు. ప్రధానోపాధ్యాయుల పనితీరుకు దీన్ని ముడిపెట్టిన మరుక్షణం పక్క బడి ఉపాధ్యాయులూ మూసిన పెట్టెలూ ఏవీ దీన్ని కాపాడలేవు. మరొక మాట, హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్ నింపి సాయంత్రం ఐదింటి గడువుకు నెట్‌వర్క్ కోసం మెట్లెక్కే ఉపాధ్యాయుల చేత దీన్ని కూడా అప్‌లోడ్ చేయించకండి. కాగితాలను జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లోని ఛాత్రోపాధ్యాయులు లెక్కించవచ్చు, వారికి అది మంచి పాఠం కూడా అవుతుంది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పేర్లు లేకుండా తరగతిని మాత్రమే కొలిస్తే, ఎవరూ పలకరించని ఆ ఒక్క పిల్లను ఎలా కనిపెట్టడమని ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నావళి ఆమెను కనిపెట్టలేదు, ఒప్పుకుంటాను. నలభై మందిలో ముగ్గురు అన్ని ప్రశ్నలకూ 'ఒక్కసారీ లేదు' అని రాశారని మాత్రమే ఇది చెప్పగలదు. ఆ ముగ్గురూ ఎవరో కనుక్కోవలసింది క్లాసు టీచరు, తన కళ్లతో, తన పలకరింపుతో. అందుకు ఆమెకు వారానికి ఒక పీరియడ్ ఖాళీ కావాలి, మండలానికి ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ అందుబాటులో ఉండాలి. ఆ ముగ్గురి సంఖ్య ఫిబ్రవరికి ఒకటికి తగ్గితే ఆ పీరియడ్ పనిచేసిందని తెలుస్తుంది. కౌన్సెలర్ పోస్టుకు డబ్బు లేదంటే మాత్రం ఈ సర్వే కూడా పెట్టవద్దు. పిల్లల్ని బాధ గురించి అడిగి ఊరుకోవడం కన్నా అడగకపోవడమే నయం.

ఈ నేపథ్యంలో మీ ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాను. సమగ్ర ప్రగతి పత్రంలో ఆన్‌లైన్ నడవడికకు వ్యక్తిగత గ్రేడు ఉండదని ఉత్తర్వుల్లో స్పష్టంగా రాయండి. నమూనా సర్వేకు ప్రశ్నల ముసాయిదా తయారుచేసి, వేసవి సెలవుల్లోపే ఉపాధ్యాయ సంఘాలకు, తల్లిదండ్రుల కమిటీలకు తెలుగులో, ఉర్దూలో అందుబాటులో ఉంచండి. ఆ ముసాయిదా సమీక్షలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కూడా చోటివ్వండి, అందులో సొంత ఫోన్ లేనివారు కనీసం సగం మంది ఉండేలా చూడండి.

ఇట్లు,
భవదీయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించే ఒక ఉపాధ్యాయిని